ఆరు రొయ్యల ప్లేటు, 780 రూపాయలు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నేను ప్రైవేటు బడిలో టీచరుని. మా వారు భీమవరంలో ఒక ఫైనాన్స్ సంస్థలో ఉద్యోగి. మా నాన్నగారు రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని రొయ్యలు పెంచుతారు. కొంతకాలంగా మా వారి కాలేజీ స్నేహితుల కుటుంబాలతో కలిసి నెలకోసారి భీమవరంలోనో రాజమండ్రిలోనో కొత్తగా తెరిచిన ఖరీదైన రెస్టారెంట్లకు వెళ్తున్నాం. మొన్న వెళ్లినచోట ఆరు రొయ్యల ప్లేటు 780 రూపాయలు. అదే వారం మా నాన్నగారు ముప్పై కౌంటు కిలో 430కి అమ్మారు.

నాకు తిండి మీద కంటే అక్కడికి వచ్చే డబ్బున్నవాళ్ల మీదే చూపు ఉంటుంది. వాళ్ల నగలు, వెయిటర్లను పిలిచే తీరు, పిల్లలు సగం తిని వదిలేయడం, అన్నీ చూస్తూ కూర్చుంటాను. చూస్తున్నంతసేపూ సరదాగానే ఉంటుంది. ఇంటికి వచ్చాక మనసంతా చేదుగా అయిపోతుంది. బిల్లు అందరూ సమానంగా పంచుకుంటారు. మా వారు తన వంతు ఎంతో కూడా చూడకుండా కార్డు అందిస్తారు. డిసెంబరులో ఒకాయన పులస చేప తెప్పించాడు, ముక్క 1,500. 'డొక్కా సీతమ్మగారి సీమలో ఉండి అన్నం కొనుక్కు తింటారా' అని మా అత్తగారు దెప్పుతారు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఆదివారం ఇంట్లో కోడికూర చూసి 'ఇంతేనా' అంది. నాది అసూయా? అలా చూడటం తప్పా? వెళ్లడం మానేయాలా?

ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. అసూయ కొంచెం ఉంది. చూడటం తప్పు కాదు. మానేయనక్కర్లేదు. అయితే మీరు ప్రశ్నగా అడగకుండా దాటేసిన వాక్యం ఒకటుంది: మీ వారు తన వంతు ఎంతో కూడా చూడకుండా కార్డు అందిస్తారని. మీ మనసు చేదు కావడానికి ఆ హాల్లో కూర్చున్న పరాయివాళ్ల కంటే ఈ వాక్యమే ఎక్కువ కారణమని నా అనుమానం. దాని దగ్గరికి వస్తాను. మీరు రొయ్యల రైతు బిడ్డ కాబట్టి ముందు రొయ్యల లెక్క తేల్చుకుందాం.

ముప్పై కౌంటు అంటే కిలోకు ముప్పై రొయ్యలు. ఆరు రొయ్యలంటే తలతో సహా 200 గ్రాములు. మీ నాన్నగారికి వచ్చిన ధర ప్రకారం 86 రూపాయలు. రెస్టారెంటు యజమాని చెరువు గట్టు మీద కొనడు కాబట్టి కమీషను, ఐసు, రవాణా వేసుకోండి. నూనె, మసాలా, గ్యాసు కూడా వేసుకోండి. ఎంత ఉదారంగా లెక్క కట్టినా 180 దాటదు. సరుకు ఖర్చు అమ్మకం ధరలో మూడో వంతు దగ్గర ఉంటే వ్యాపారం నడుస్తుందని హోటళ్లవాళ్ల మామూలు లెక్క. ఆ లెక్కన ఆ ప్లేటు 540 ఉండాలి. 780 పెట్టారంటే పైన మరో 240 వేశారన్నమాట.

ఆ డబ్బంతా యజమాని జేబులోకి పోతుందనుకోకండి. మెయిన్ రోడ్డు మీద అద్దె, పగలూ రాత్రీ తిరిగే ఏసీలు, ఒడిశా నుంచో బెంగాల్ నుంచో అస్సాం నుంచో వచ్చిన కుర్రాళ్ల జీతాలు, వాళ్ల బస, తలల మీద వేలాడే దీపాలు. వీటన్నిటికంటే పెద్ద ఖర్చు ఒకటుంది, అది మెనూలో ఎక్కడా కనిపించదు. సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీగా పడి ఉన్న కుర్చీలు. ఆ నాలుగు రోజుల నష్టాన్ని శని, ఆదివారాల్లో వచ్చినవాళ్ల చేత కట్టిస్తారు. పైగా మన ఊళ్లలో ఏ కొత్త రెస్టారెంటు మోజైనా ఇంకొకటి తెరిచేదాకానే. జనం అటు మళ్లేలోగా పెట్టుబడి రాబట్టుకోవాలని వాళ్లకు తొందర.

మెనూ కార్డు కూడా ఊరికే అచ్చు వేయించరు. మొదటి పేజీలో 2,400 రూపాయల పెద్ద పళ్లెం ఒకటి ఉంటుంది. ఎవరూ తెప్పించకపోయినా వాళ్లకు చింత లేదు. దాని కింద ఉన్న 780ని చవకగా కనిపించేలా చేయడమే దాని ఉద్యోగం. అంకె పక్కన రూపాయి గుర్తు తీసేయడం కూడా అందుకే. గుర్తు లేని అంకె డబ్బులా అనిపించదు. ఇక నుంచి మెనూను చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదవండి. మంచి వినోదం.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి, నచ్చకపోవచ్చు. ఆ ప్లేటు 1,000 అయినా, 300 అయినా మీ నాన్నగారి ధర మారదు. మన రొయ్యల్లో చాలా భాగం ఓడలెక్కి బయటి దేశాలకు పోతుంది. అందులో పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అక్కడి సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ దెబ్బకు బెదిరింది మన చెరువు గట్లే. కిలో 430 కావడానికి ఆ హాల్లో కూర్చున్న ఏ కుటుంబమూ కారణం కాదు. అయినా పక్క బల్ల మీద పిల్లవాడు నాలుగు రొయ్యలు వదిలేసి లేచినప్పుడు మీకు కడుపు మండుతుంది. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయని, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయని, మీ నాన్నగారు లుంగీ ఎగ్గట్టి జనరేటర్ దగ్గరికి పరిగెత్తడం మీరు చూసి ఉంటారు. అది గుర్తొచ్చి పుట్టే మంటకు అసూయ అని పేరు పెట్టుకోకండి. ఆ పక్క బల్ల ఆవిడ వంకీ మీద చూపు నిలిచిపోయిందే, అసూయ అంటే అది. అది అందరికీ ఉంటుంది, నాకూ ఉంది, దానికి మందు రాయను.

చూడటం తప్పా అన్నారు. మనది మనుషులను చూడటానికి ఊళ్లు దాటి వెళ్లే నేల. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం దగ్గరకు వెళ్లినవాళ్లు స్వామినెంత చూస్తారో, పక్క ఊరి చుట్టాలు కట్టుకొచ్చిన పట్టుచీరలను అంతే చూస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్లో ఏ ఊరిది ఎంత ఎత్తుందో, దాన్ని మోసేవాళ్లలో ఎవరి కొడుకు ఎంత ఏపుగా ఉన్నాడో చూస్తారు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర కోళ్లను చూసేవాళ్లెందరో, ఆగి ఉన్న కార్లను చూసేవాళ్లెందరో ఒకసారి లెక్కపెట్టండి. పందేలు చట్టానికి విరుద్ధం, కార్లు చూడటం కాదు. ఆ అలవాటే ఇప్పుడు ఏసీ గదిలోకి వచ్చి కూర్చుంది. తేడా అల్లా అక్కడ ప్రవేశం ఉచితం, ఇక్కడ ప్లేటుకు 240 అదనం. మీకు సరదాగా ఉందంటే ఆ డబ్బు పూర్తిగా దండగ పోలేదు. నెలకోసారి మీ స్తోమతకు అది భారమా, కాదా అన్నది ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన లెక్క. అక్కడికి వెళ్లాక, కూర్చున్నాక వేసుకునేది కాదు.

అయితే మీరు చూస్తున్నవాళ్ల గురించి ఒక మాట. డబ్బున్నవాళ్లు అని గంపగుత్తగా రాసేశారు. మన డెల్టా డబ్బుకు పొరలున్నాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారి, రెండు పంటలు పండి వచ్చిన డబ్బు ఒక పొర. దాని మీద లేచిన రైసు మిల్లుల డబ్బు ఇంకో పొర. 1990ల్లో టైగర్ రొయ్య డబ్బు వచ్చింది. తెల్లమచ్చ వైరస్ రాగానే ఎంతమంది ఇళ్లు, పొలాలు అమ్ముకున్నారో మీ నాన్నగారిని అడిగితే పేర్లతో చెబుతారు. 2009లో వనామి రకం రొయ్య వచ్చాక మళ్లీ డబ్బు. ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి పిల్లలు పంపే డబ్బు, స్థలాల డబ్బు. ఇవన్నీ ఆదివారం రాత్రి ఒకే హాల్లో కూర్చుంటే బయటికి ఒకేలా కనిపిస్తాయి. మేత కంపెనీకి లక్షల బాకీ ఉన్నవాడికీ, బ్యాంకులో లక్షలు ఉన్నవాడికీ అదే ప్లేటు, అదే టిష్యూ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నారు పెద్దలు. ఆ హాల్లో పల్లకీలు ఎన్నో మీకు కనిపిస్తాయి, ఈగలు ఎన్నో కనిపించవు. అసలు మాట ఏమిటంటే ఆ కుర్చీల్లో సగం మీలాంటివాళ్లే. జీతం వచ్చిన వారం వచ్చినవాళ్లు, ఎవరో పిలిస్తే వచ్చినవాళ్లు. మీ పట్టుచీర చూసి 'ఆవిడ ఎవరో బాగా ఉన్నవాళ్లలాగే ఉంది' అని పక్క బల్ల దగ్గర అనుకుంటూ ఉంటారు. మీరు అటువైపు చూస్తున్నారు కాబట్టి మీకు తెలియదు.

రాజమండ్రిలో గోదావరి కనబడే ఒక మేడ మీది రెస్టారెంటులో ఒక పెద్దాయనను చూశాను. తెల్ల పంచె, పొట్టిచేతుల చొక్కా, చేతికి పాత గడియారం. కొడుకు, కోడలు, మనవలతో వచ్చాడు. మిగతా వాళ్లు పేజీలు తిప్పుతుంటే ఆయన మెనూ పక్కన పెట్టి పెరుగన్నం ఉందా అని అడిగాడు. మనవరాలు సిగ్గుతో తల దించుకుంది. తెచ్చారు, 260 రూపాయలు. ఆయన వెంటనే తినలేదు. ఒక మెతుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, దీపం వైపు పట్టుకుని చూసి 'స్వర్ణ. కొత్త బియ్యం' అన్నాడు. ఆ తర్వాత కొడుకుతో చాలాసేపు మాట్లాడింది బియ్యం ధర గురించే. ఆ మాటలను బట్టే మిల్లు ఉందని తెలిసింది. మీకు పెద్ద దూరం లేని మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన వంగడం అది. కాగితాల మీద పేరు ఎంటీయూ 7029. దాని మెతుకును వేళ్లతో గుర్తుపట్టే మనిషి చుట్టుపక్కల బల్లల మీద ఎవరేం తింటున్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

బిల్లు వచ్చింది. కొడుకు కార్డు తీయబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆ తోలు అట్ట తన వైపు లాక్కున్నాడు. పైనుంచి కిందికి వేలు పెట్టి, పైకి వినబడేలా చదివాడు. నీళ్ల సీసాలు ఆరు అని ఉంది, మేం తీసుకున్నవి నాలుగు. సర్వీసు చార్జీ అని ఉంది, ఇది మేం అడగలేదు. వెయిటర్ లోపలికి వెళ్లి కొత్త బిల్లు తెచ్చాడు. కోడలు గోదావరి వైపు చూస్తూ కూర్చుంది. పెద్దాయన డబ్బు కట్టి, ఆ కుర్రాడి చేతిలో విడిగా కొంత పెట్టి, ఏ ఊరు బాబూ అని అడిగి లేచాడు. ఆయనను దేవుణ్ని చేయడం లేదు. లేచేటప్పుడు కోడలు ఏదో అనబోతే 'నీకెందుకు' అని కసిరాడు కూడా. కానీ ఆ గదిలో బిల్లు చదవడానికి మొహమాటపడని ఒకే ఒక్క మనిషి ఆయనే. నాకు తోచినంతలో అందరికంటే ఎక్కువ ఉన్నవాడూ ఆయనే.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన బిల్లు చూడకపోవడానికి కారణం లెక్క తెలియక కాదు. ఫైనాన్స్ సంస్థలో పనిచేసే మనిషి, పగలంతా ఇతరుల వాయిదాలు పైసాతో సహా చూస్తారు. స్నేహితుల ఎదుట చూడలేరు, అంతే. చూస్తే 'వీడికి ఇబ్బందిగా ఉన్నట్టుంది' అని ఎవరైనా అనుకుంటారేమోనని. మీరు చూడటానికి వెళ్తున్నారు, ఆయన కనబడటానికి వెళ్తున్నారు. ఒకే బల్ల, ఒకే ప్లేటు, రెండు వేరు వేరు పనులు. మీ సరదా మీరు హాల్లో కూర్చున్న రెండు గంటల్లోనే తీరిపోతుంది. ఆయన పని మాత్రం ఎప్పటికీ పూర్తి కాదు, ఎందుకంటే వచ్చే నెల మళ్లీ కనబడాలి. ఆ ఖర్చు ఇంటి మీద పడుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు. మీకు ఇంటికి వచ్చాక చేదుగా అనిపించేది ఇదేనేమో ఒకసారి చూసుకోండి.

ఆయనతో మాట్లాడండి. కారులోనో బండి మీదో తిరిగి వస్తూ మాత్రం వద్దు. అప్పుడు ఆయన చెవికి అది దెప్పిపొడుపులాగే వినబడుతుంది. నెల మొదట్లో, పాల డబ్బులు, ఫీజులు రాసుకునే రోజున మాట్లాడండి. 'నీ స్నేహితులు గొప్పలకు పోతున్నారు' అని మొదలుపెట్టకండి, ఆయన వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. 'నాకు అక్కడికి వెళ్లడం ఇష్టం, కానీ ఇంత డబ్బే పెట్టగలం' అని అంకెతో మొదలుపెట్టండి. ఇష్టం అన్న మాట మీ నోట వింటే ఆయన సగం మెత్తబడతారు. ఇన్నాళ్లూ మీరు ముఖం ముడుచుకుని వస్తున్నారనే ఆయన అనుకుని ఉంటారు.

సమానంగా పంచుకోవడం అన్నది చదువుకునే రోజుల్లో, అందరూ నాలుగిడ్లీలు తినే కాలంలో పుట్టిన పద్ధతి. ఒకరు 1,500 ముక్క, ఇంకొకరు మజ్జిగ తీసుకునేచోట అది నడవదు. దీన్ని మార్చడానికి గొడవ పడనక్కర్లేదు. కూర్చోగానే, ఇంకా మెనూ రాకముందే, 'మా కుటుంబానికి వేరే బిల్లు' అని వెయిటర్‌కు మీరే చెప్పండి. మీ వారు చెప్పలేరు, మీరు చెప్పగలరు. ఆడవాళ్లు పొదుపు మాట ఎత్తితే మన సమాజం ఇంకా మెచ్చుకుంటుంది. ఆ పాత అలవాటు ఈ ఒక్కచోటైనా అక్కరకు రానివ్వండి. ఇక మందు తాగేవాళ్లు ఉంటే, మద్యం జీఎస్టీలోకి రాదు. దాని పన్ను వేరు, అందుకే చాలాచోట్ల దాని లెక్క విడిగానే వస్తుంది. తాగినవాళ్లే ఆ కాగితం తీసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

బిల్లులో చూడవలసినవి కొన్నే. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటలు లోపల ఉన్న రెస్టారెంటు అయితే 18 శాతం. భీమవరంలో మీరు వెళ్లే చోట 5 కంటే ఎక్కువ వేస్తే ఎందుకని అడగండి. సర్వీసు చార్జీ పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. మాట వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. చాలాసార్లు ఆ నంబరు పేరెత్తితే చాలు. నీళ్ల సీసా విషయంలో మాత్రం చట్టం వాళ్ల వైపే ఉంది. ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కూర్చోగానే మూత తీయబోయే కుర్రాణ్ని ఆపి మామూలు నీళ్లు అడగండి. ఆపకపోతే తీసేస్తాడు, తీశాక మీదే. సర్వీసు చార్జీ తీసేయించిన రోజున ఆ కుర్రాడి చేతిలో కొంత పెట్టడం మరచిపోకండి. ఊరు కాని ఊరు వచ్చి పొద్దున్నుంచి నిలబడి ఉన్నవాడు అతనే.

పులస గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు కానీ నాకు నవ్వాగలేదు. డిసెంబరులో పులస! వానాకాలంలో వరద నీళ్లు సముద్రంలో కలిసేటప్పుడు, ఆ ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది కాబట్టే దానికి ఆ రుచి, ఆ పేరు, ఆ ధర. జూలై నుంచి సెప్టెంబరు దాకా, మహా అయితే ఇంకొన్నాళ్లు. యానాం రేవులో వేలం పాటలు కూడా అప్పుడే. సముద్రంలో ఉన్నంతకాలం అదే చేపను ఇలస అంటారు. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో ఏడాది పొడుగునా దిగుతుంది. మీ వారి స్నేహితుడు ముక్క 1,500 పెట్టి తిన్నది ఈ ఇలసే అయ్యుంటుంది. సీజన్‌లో కొని గడ్డకట్టించి దాచిందే అనుకుందామన్నా, పులస పులుసును మట్టిచట్టిలో సన్నసెగ మీద కాచి, రాత్రంతా ఉంచి మర్నాడు తినే మనకు అది పులస కింద లెక్క కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్న సామెత పుట్టించినవాళ్లు డిసెంబరు నెల గురించి చెప్పలేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరూ గోదావరి జిల్లాల వాళ్లే కదా. ఇది ఏ నెల అని అడగాలని ఎవరికీ ఎందుకు తోచలేదు? తోచే ఉంటుంది. బిల్లు చదవనివ్వని మొహమాటమే నోరూ విప్పనివ్వలేదు. తెప్పించినాయనను చిన్నబుచ్చకుండా అడిగే వీలు ఉంది. 'ఈ కాలంలో పులస ఎక్కడ దొరికింది?' అని వెయిటర్‌ను ఆశ్చర్యంగా అడగండి, అంతకుమించి ఏమీ అనకండి.

మీ అత్తగారికి నా నమస్కారాలు. మండపేటలో పుట్టి లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా వండి పెట్టిన ఆ డొక్కా సీతమ్మ తల్లిని తలుచుకోవడం మంచిదే. కానీ ఆవిడ పెట్టింది ఆకలితో వచ్చినవాళ్లకు. ఆదివారం రాత్రి దీపాల కింద కూర్చోవాలని సరదాపడేవాళ్ల బాధ్యత ఆవిడ మీద వేయకండి. అన్నం అమ్మడం కూడా ఈ నేలకు కొత్త కాదు. కాకినాడ సుబ్బయ్య హోటలులో అరిటాకు ముందు కూర్చుని లేచినవాళ్లు ఎవరూ అన్నం కొనుక్కున్నామని సిగ్గుపడరు. ఆర్భాటానికి ఇంటిభోజనం అతీతమని కూడా అనుకోకండి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన సంగతి దేశమంతా చూసింది. ఆ అబ్బాయి అన్నీ తిన్నాడని ఎవరూ అనుకోలేదు. ఫోటో బాగా వచ్చింది.

అమ్మాయి మాటకు నొచ్చుకోకండి. పన్నెండేళ్ల పిల్లకు ఆ ఎర్రరంగు, ఆ పొగలు కక్కే పెనం, పైన చల్లిన కొత్తిమీర చూశాక ఇంటి కూర చిన్నగానే కనిపిస్తుంది. ఉపన్యాసం ఇవ్వకండి, దాని చేతికి పని ఇవ్వండి. ఈసారి బిల్లు రాగానే అమ్మాయికి ఇచ్చి కూడిక సరిచూడమనండి, 5 శాతం కట్టించండి. ఏడో తరగతి లెక్కల్లో శాతాలు ఎలాగూ ఉన్నాయి, మీరు టీచరు కూడాను. ఆ ప్లేటులో ఉన్నవి ఎన్ని గ్రాములో, తాతగారి లెక్కన ఎంతో దానితోనే చెప్పించండి. పిల్ల లెక్క చూస్తుంటే స్నేహితుల ముందు మీ వారికి కూడా నామోషీ ఉండదు. 'మా అమ్మాయికి లెక్కలంటే పిచ్చి' అని ఆయన నవ్వుతూ చెప్పుకుంటారు, బిల్లు ఎవరో ఒకరు చదివినట్టవుతుంది.

చివరగా, ఆ గుంపుతో రెండు మూడు నెలలకోసారి వెళ్లండి చాలు. మధ్యలో ఒకసారి మీరు ముగ్గురే వెళ్లండి. మంగళవారం అయితే రాయితీ ఇస్తామని బోర్డు పెడతారు, నమ్మి వెళ్లకండి. తిండి చవకగా దొరుకుతుంది కానీ చూడటానికి హాల్లో ఎవరూ ఉండరు, మీ డబ్బు వృథా. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లండి. ఇంట్లో కొంచెం తిని వెళ్లి, ఒక ప్లేటు, రొట్టెలు, అమ్మాయికి ఐస్‌క్రీమ్ చెప్పండి. రొయ్యలు వద్దు, అవి మీ నాన్నగారింట్లో ఉన్నాయి. గోడకు ఆనుకుని ఉన్న బల్ల అడగండి. గోడ వైపు కుర్చీలో మీరు కూర్చోండి, హాలంతా కనబడుతుంది. మీ వారిని ఎదురుగా కూర్చోబెట్టండి, హాలు వైపు వీపు పెట్టి.